మా అక్క నాన్‌లోకల్ అట!

వేసవి వస్తే మా నూజివీడు రసాలు లారీలెక్కి హైదరాబాద్ వెళ్తాయి. అక్కడ తోపుడు బండి మీద పెట్టినా వాటిని నూజివీడు రసాలనే అమ్ముతారు. మా పెద్దనాన్న కూతురు మాత్రం తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా హైదరాబాద్ హాస్టల్లో ఉండి చదివి వచ్చేసరికి ఇక్కడ నాన్‌లోకల్ అయిపోయింది! ఒకే ఇంట్లో పెరిగాం. ఇక్కడే చదివాను కాబట్టి నేను లోకల్, తను కాదు.

రూల్ ఏంటంటే, రాజ్యాంగంలోని 371-డి కింద 1974లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. దాని ప్రకారం కన్వీనర్ సీట్లలో 85 శాతం లోకల్ వాళ్లకే. మనది ఆంధ్రా యూనివర్సిటీ ఏరియా. ఇంటర్‌తో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఈ ఏరియాలో చదివినవాళ్లే లోకల్. అమ్మానాన్నలు పదేళ్లకు పైగా రాష్ట్రంలోనే ఉన్నారు కాబట్టి అక్కకి మిగతా 15 శాతంలో అవకాశం ఉంది. కానీ అందులోనూ లోకల్ వాళ్లు పోటీపడతారు. సీటు రాలేదు. మేనేజ్‌మెంట్ కోటా ఫీజు కోసం పెద్దనాన్న రెండేళ్ల మామిడి కాపు ముందుగానే వ్యాపారికి ఇచ్చేశాడు.

రూల్ మొత్తం తప్పని నేననను. అది లేకపోతే ఎవరైనా ఒక అడ్రస్ చూపించి మన సీట్లు పట్టుకుపోతారు. స్టడీ సర్టిఫికెట్ అయితే లెక్క క్లియర్‌గా ఉంటుంది. తెలంగాణ మెడికల్ సీట్లకి పెట్టిన ఇలాంటి నాలుగేళ్ల నిబంధనని సుప్రీంకోర్టు కూడా 2025 సెప్టెంబర్‌లో సమర్థించింది.

కానీ ఎమ్మెస్‌కి వెళ్లే మన సీనియర్లని అడగండి. అమెరికా స్టేట్ యూనివర్సిటీల్లో స్థానికులకి ఫీజు తక్కువ. అయితే చాలా రాష్ట్రాల్లో కేవలం చదువు కోసం వచ్చి ఉన్న కాలాన్ని నివాసంగా లెక్కపెట్టరు. అంటే చదువుకోడానికి వెళ్లినంత మాత్రాన ఇల్లు మారిపోదు. మన దగ్గర మాత్రం హాస్టలే సొంతూరు అయిపోతోంది!

ఎనిమిది దాకా ఇక్కడే చదివి, ఆ తర్వాత నాలుగేళ్లూ తల్లిదండ్రులు ఇక్కడే ఉన్నట్టు రుజువు చూపిస్తే ఆ పిల్లల్ని లోకల్‌గా తీసుకోవాలి. నేను అడిగేది అంతే.

అప్పటిదాకా మీ తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఎనిమిదిలోనే ఈ సంగతి చెప్పండి. మా ఇంట్లో ఎవరికీ తెలీలేదు.