ఆట అందరిదీ, ఖర్చు ఒక్కడిదా?

(తృతీయ బి.యస్సీ. విద్యార్థి)

ఆట అనగానే మనవాళ్ళకి ముందు గుర్తొచ్చేది క్రికెట్టు. ఆ తరువాత వాలీబాల్, కబడ్డీ; వాన పడితే కారమ్స్, చదరంగం. వీటికి ఖర్చు ఎవరు పెడుతున్నారని ఎవరూ అడగరు. అడగవలసిన అవసరమూ లేదు. చేరిన రోజునే ఫీజు రశీదులో ఆటల పద్దు కింద అందరి దగ్గరా వసూలు చేస్తారు. రోజూ బ్యాటు పట్టేవాడూ, జన్మలో బ్యాటు ముట్టనివాడూ ఇచ్చేది ఒకటే మొత్తం. ఇది న్యాయమేనని నేనూ ఒప్పుకుంటాను.

అయితే ఈమధ్య మన హాస్టలు గదుల్లోకి కొత్త ఆట ఒకటి వచ్చింది. దీనికి మైదానం అక్కర్లేదు, ఫ్లడ్‌లైట్లు అక్కర్లేదు. ఒక బల్ల, నలుగురైదుగురు మనుషులు, కాస్త ఊహ ఉంటే చాలు. కాని డబ్బు మాట వచ్చేసరికి మాత్రం స్నేహితుల మధ్య మొహమాటాలు, ముభావాలు మొదలవుతున్నాయి. అందుకే ఈ నాలుగు ముక్కలు రాయాలనిపించింది.

ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. తెలియని పాఠకుల కోసం క్లుప్తంగా చెబుతాను. ఆడేవాళ్ళలో ఒకడు సూత్రధారి. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుంటారు. ఒకడు యోధుడు, ఒకడు మాంత్రికుడు, ఇంకొకడు దొంగ. సూత్రధారి సన్నివేశం చెబుతాడు: "పాడుబడ్డ కోట, తలుపు లోపల గడియ వేసి ఉంది, ఏం చేస్తారు?" అని. ఎవరి పాత్ర ఏం చేస్తుందో వాళ్ళు చెప్పాలి. ఆ పని నెరవేరిందీ లేనిదీ పాచికలు తేలుస్తాయి. ఇందులో గెలుపు ఓటములు లేవు. కథ మాత్రం నడుస్తుంది, అదీ నెలల తరబడి. మన వీధి నాటకానికి వేషాలూ రంగులూ తీసేసి, ప్రేక్షకుల్ని కూడా పాత్రధారుల్ని చేస్తే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంటుంది.

దీన్ని కనిపెట్టినవాళ్ళు షావుకార్లేమీ కారు. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవా అనే చిన్న ఊరు. అక్కడి గారీ గైగాక్స్ 1970లో ఇన్సూరెన్సు కంపెనీ ఉద్యోగం పోగొట్టుకుని, ఇంట్లోనే చెప్పులు బాగుచేస్తూ సంసారం ఈదినవాడు. ఆయనా, డేవ్ ఆర్నెసన్ అనే మరొకాయనా కలిసి ఈ ఆట తయారుచేశారు. 1974లో తొలిసారిగా వెయ్యి ప్రతులు వేశారు. ఒక అట్టపెట్టె, అందులో మూడు చిన్న పుస్తకాలు. పెట్టెలు చేత్తోనే సర్దారు. ధర 10 డాలర్లు. ఆ ధర కూడా ఎక్కువేనని జిరాక్సు తీసుకున్న విద్యార్థులు ఆ దేశంలోనూ ఉన్నారు. అంటే "ఆటకి ఎవరు డబ్బివ్వాలి?" అన్న ప్రశ్న ఆట వయసుదే.

తరువాత ఆ కంపెనీని 1997లో విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కొన్నది. 1999లో ఆ కంపెనీని బొమ్మల వ్యాపారి హాస్‌బ్రో కొన్నది. 2024, 2025 సంవత్సరాల్లో వచ్చిన కొత్త కూర్పులో ముఖ్యమైన పుస్తకాలు మూడు: ఆటగాళ్ళకొకటి, సూత్రధారికొకటి, భూతాలూ రాక్షసుల వివరాలతో ఒకటి. ఒక్కొక్కటి అమెరికాలో 49.99 డాలర్లు. మూడూ కలిపితే 150 డాలర్లు. డాలరు 85 రూపాయలనుకుని, ఓడ కిరాయీ దుకాణం లాభం పక్కనబెట్టినా 12,750 రూపాయలు.

నేను రైతు బిడ్డని. ఏ ధర విన్నా నా బుర్ర దాన్ని బస్తాల్లోకి మార్చుకుంటుంది. 2025-26 ఖరీఫ్‌కి మామూలు రకం ధాన్యానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. మా వైపు బస్తా అంటే 75 కిలోలు. ఆ లెక్కన బస్తా 1,777 రూపాయలు. అంటే మూడు పుస్తకాలకి ఏడు బస్తాల పైచిలుకు ధాన్యం! ఇదీ మద్దతు ధర పూర్తిగా చేతికొస్తేనే. తేమ అనీ, తరుగు అనీ కోత పడితే ఎనిమిదో బస్తా కూడా దింపాలి. ఈ మాట మా నాన్నతో అంటే, "చదువుకోమని పంపితే రాక్షసుల పుస్తకాలు కొంటావురా?" అని ఊరుకునే మనిషి కాదు ఆయన.

ఇప్పుడు అసలు సంగతి. ఈ భారమంతా ఎవరి నెత్తిన పడుతోంది? ప్రతి గుంపులోనూ సూత్రధారి నెత్తినే. ఆటగాడికి ఒక కాగితం, ఒక పెన్సిలు ఉంటే గడిచిపోతుంది. పుస్తకాలు కొనేది సూత్రధారి, పాచికలు తెచ్చేది సూత్రధారి, పటాలు జిరాక్సు తీయించేది సూత్రధారి. పైగా ఆదివారం మూడు గంటలు ఆట నడపాలంటే శనివారం రాత్రి రెండు గంటలు కూర్చుని కథ సిద్ధం చేసుకునేదీ అతనే. మిగతావాళ్ళం చేతులూపుకుంటూ వచ్చి, అతని గదిలో కూర్చుని, అతని మిక్చరు తిని పోతాం. దీన్ని స్నేహం అంటున్నాం. కళ్ళంలో ధాన్యం ఒకడిది, పొయ్యి మీద కుండ ఒకడిది, విస్తరి ముందు మాత్రం అందరమూ!

"అయితే తలా ఇంత అని సమానంగా వేసుకుంటే సరిపోతుంది కదా" అంటారు కొందరు. పైకి చూస్తే ఇదే న్యాయంగా కనబడుతుంది. నేను మాత్రం ఒప్పుకోను. మా గుంపులో ఆ పనే జరిగింది. నెలకి తలా రెండు వందలని తీర్మానం పెట్టారు. నేను వద్దన్నాను. మెజారిటీ ఔనంది. తరువాతి ఆదివారం నుంచి ఒకతను రావడం మానేశాడు. అడిగితే రికార్డు వర్కు ఉందన్నాడు. ఆ వారం సబ్మిట్ చేయవలసిన రికార్డే లేదని మాకందరికీ తెలుసు. వాళ్ళ నాన్న కౌలు రైతు. ఆ ఏడాది తుఫానుకి చేను పడిపోయింది. మా అందరిలోకీ ఆట బాగా ఆడేవాడు అతనే. సూత్రధారి అడిగిన చిక్కు ప్రశ్నకి మేం కత్తి దూస్తుంటే, అతను మాటతో తలుపు తీయించేవాడు. రెండు వందల రూపాయలు మాకు సినిమా టిక్కెట్టు, అతనికి నెలరోజుల చేతిఖర్చు. అందరికీ ఒకటే అంకె వేసినంత మాత్రాన అందరి మీదా ఒకటే బరువు పడదు. ఫిజిక్సు చదివేవాళ్ళకి ఇది వేరే చెప్పాలా? బలం ఒకటే అయినా అది ఎంత వైశాల్యం మీద పడుతుందో దాన్నిబట్టి పీడనం మారుతుంది.

మరి దారేమిటి? మా ఊళ్ళో బుర్రకథ పెట్టిస్తే ఖర్చు ఎలా తేలుతుందో చూడండి. ఊరంతా చందాలు వేసుకుంటుంది. పదెకరాల వాడు వెయ్యి ఇస్తాడు, ఎకరం వాడు వంద ఇస్తాడు, ఏమీ లేనివాడు పందిరి గుంజలు పాతుతాడు. కథ మధ్యలో చదివింపులు ఉంటాయి. కాని ఏమీ ఇవ్వనివాణ్ణి చాప మీంచి లేచిపొమ్మనేవాళ్ళు ఎవరూ లేరు. కథకుడి భోజనం ఊరిది. కథ చెప్పేవాడి చేతే నూనె దీపం కొనిపించిన ఊరు నేనెక్కడా చూడలేదు. వెనకటి రోజుల్లో కళ్ళం దగ్గర వడ్రంగికీ కమ్మరికీ మేర కొలిచేవారట. ఆ పద్ధతిలో కులం పేరిట జరిగిన అన్యాయం నాకు తెలియంది కాదు, దాన్ని మళ్ళీ తెమ్మనడమూ లేదు. పనికి విలువ ఉంది, అది పంటలోంచే ముందుగా తీసి పెట్టాలి అన్న ఒక్క ముక్కే అందులోంచి తీసుకుంటున్నాను.

ఈ లెక్కన మేం తరువాత చేసుకున్న ఏర్పాటు ఇది. సూత్రధారి పైసా ఇవ్వనక్కర్లేదు. అతని శనివారం రాత్రే అతని చందా. కిటికీలో ఒక పాత హార్లిక్స్ సీసా పెట్టాం. ఎవరికి తోచింది వాళ్ళు వేస్తారు. ఎవరెంత వేశారో చూసే పని ఎవరికీ లేదు. డబ్బు వేయలేనివాడు పటాలు గీస్తాడు, లెక్క పుస్తకం రాస్తాడు. రికార్డు వర్కు అన్నతను మూడో వారానికి తిరిగి వచ్చాడు. మేం ఏమీ అడగలేదు, అతనూ ఏమీ చెప్పలేదు. ఇప్పుడు మా కోటల పటాలన్నీ అతను గీసినవే.

ఇక ఇంకో దారి ఉందని చెవిలో చెప్పేవాళ్ళున్నారు: దొంగ కాపీలు దించుకోవడం. "కంపెనీకేం, కోట్లున్నాయి" అంటారు. ఆ పుస్తకాలు రాసినవాళ్ళూ, బొమ్మలు గీసినవాళ్ళూ కూలికి పనిచేసినవాళ్ళే. దళారి లాభం తిన్నాడు కాబట్టి రైతు చేలో మనమూ ఒక మోపు కోసుకోవచ్చు అన్నట్టుంది ఈ వాదన. పైగా ఆ అవసరమే లేదు. ఆట మూల నియమాల్ని ఇతరులు వాడుకోవచ్చునని 2000లోనే ఒక లైసెన్సు ఇచ్చారు. 2023 జనవరిలో కంపెనీ దాన్ని బిగించబోయింది. ఆటగాళ్ళు, చిన్న ప్రచురణకర్తలు ఎదురు తిరిగారు, నెలనెలా కట్టే చందాలు రద్దు చేసుకున్నారు. ఆ నెల తిరక్కుండానే కంపెనీ వెనక్కి తగ్గి, సుమారు 400 పేజీల మూల నియమాల్ని క్రియేటివ్ కామన్స్ కింద విడుదల చేసింది. 2025 ఏప్రిల్‌లో కొత్త కూర్పు నియమాల్నీ అలాగే ఇచ్చింది. మూలం ఎవరిదో చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు, తెలుగులోకి కూడా తెచ్చుకోవచ్చు. వినియోగదారులు కలిసికట్టుగా నిలబడితే ఏం జరుగుతుందో చూశారా! కాబట్టి దొంగతనం చేసి పేదరికం పేరు చెప్పవద్దు. ఉచితంగా ఇచ్చింది ఉచితంగా తీసుకుందాం. అమ్మేది కావలసివస్తే నలుగురం కలిసి కొందాం.

పాచికల సంగతీ అంతే. ఈ ఆటకి నాలుగు, ఆరు, ఎనిమిది, పది, పన్నెండు, ఇరవై ముఖాల పాచికలు కావాలి. పది ముఖాలది తప్ప మిగతా అయిదూ మనం చదువుకునే ప్లేటో ఘనాలే. అవి లేకపోతే ఆట ఆగిపోదు. అయిదు రూపాయి బిళ్ళలు వరసగా ఎగరేయండి. బొమ్మ పడితే ఒకటి, బొరుసు పడితే సున్న. ద్వియాంశ పద్ధతిలో చదివితే 0 నుంచి 31 దాకా ఏదో ఒక అంకె సమాన సంభావ్యతతో వస్తుంది. 20 గాని అంతకు మించి గాని వస్తే మళ్ళీ ఎగరేయండి, లేదా ఒకటి కలపండి. ఇరవై ముఖాల పాచిక సిద్ధం! అష్టాచెమ్మా గవ్వలు మాత్రం దీనికి పనికిరావు. నాలుగు గవ్వల్లో రెండు వెల్లకిలా పడడం ఎక్కువ, నాలుగూ పడడం తక్కువ. మనదేదో చేతగానితనం అనుకోకండి. 1979లో పాచికలు చాలనప్పుడు ఆ కంపెనీయే అంకెలు వేసిన అట్టముక్కలు పెట్టెలో పెట్టి అమ్మింది.

ఇంత చెప్పినా, ఒక్క సంగతి మిగిలిపోతోంది. మన యూనియన్‌కి నాది ఒక విన్నపం. ఆటల పద్దులోంచి ఒకే ఒక్క సెట్టు, మూడు పుస్తకాలూ రెండు జతల పాచికలూ, కొని లైబ్రరీలో పెట్టించండి. ఒక మంచి క్రికెట్ బ్యాటు ఖరీదు చేస్తుందేమో! బ్యాటు ఏడాదిలో చీలుతుంది, పుస్తకం పదేళ్ళుంటుంది. "ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందన్నట్టు, అందరి సొత్తూ ఎవరికీ పట్టదు" అంటారేమో. లైబ్రరీలో లెక్కల పుస్తకాలూ ఉమ్మడి సొత్తే, అయినా తరాలుగా వాడుతూనే ఉన్నాం. రిజిస్టరూ, గడువూ, జరిమానా ఉన్నచోట గొర్రె చావదు. "నలుగురైదుగురి సరదాకి అందరి డబ్బా?" అంటే, పదకొండుమంది ఆటకీ అందరి డబ్బే కదా వాడుతున్నది?

చివరగా, మా వంటి ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళకి ఒక మాట. "అక్కడ నాన్న అప్పుల్లో ఉంటే ఇక్కడ నాకు ఆటలేమిటి?" అని మనలో చాలామంది లోలోపల కుమిలిపోతుంటారు. ఆ బాధ్యత మంచిదే. కాని ఆట ఉన్నవాడి హక్కు, చూడడం లేనివాడి రాత అని మనమే ఒప్పుకుంటే ఎలా? నలుగురిలో నోరు విప్పడం, ఆలోచించి మాట్లాడడం నాకు ఈ బల్ల దగ్గర వచ్చినంతగా క్లాసులో రాలేదు. రేపు ఇంటర్వ్యూ బల్ల దగ్గరైనా, బ్యాంకు మేనేజరు బల్ల దగ్గరైనా మనకి కావలసింది ఆ నోరే.

కాబట్టి మిత్రులారా, ఉన్నవాళ్ళు కాస్త ఎక్కువ వేయండి, లేనివాళ్ళు పని చేయండి, సూత్రధారి జేబు జోలికి మాత్రం ఎవరూ పోకండి. యూనియన్ ఆ ఒక్క సెట్టూ కొనాలి. వచ్చే ఏడాది ఈ సంచికలో ఎవరైనా జూనియరు "ఆ పుస్తకం లైబ్రరీలో ఎప్పుడూ దొరకడం లేదు, ఇంకొకటి కొనండి" అని ఫిర్యాదు రాస్తే నేను చాలా సంతోషిస్తాను.