‘ఓపెన్‌లో కట్టుకో’ అనే సలహా ఇక ఆపండి

పోస్ట్ కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మన గూడేల్లో ఇంటర్ పాసై, పెళ్లయి, ఇద్దరు పిల్లలతో ముప్పై దగ్గర పడ్డాక మళ్ళీ చదువుతానని అడిగినోళ్ళకి మన సంఘం వాళ్ళు చెప్పే మాట ఒకటే: “ఇప్పుడు నీకు యూనివర్సిటీ ఎందుకమ్మా, ఓపెన్‌లో కట్టుకో.” బయటోళ్ళు అంటే పోనీలే అనుకోవచ్చు. అంటున్నది మనమే.

ఓపెన్ చదువు తక్కువని నేననను. 1982లో మొదలైన ఓపెన్ యూనివర్సిటీయే లేకపోతే మనలో చాలామంది చేతిలో డిగ్రీ ఉండేది కాదు. కానీ ఏం చదవాలనుందని కూడా అడక్కుండా అటు పంపేయడమేంటి? లైబ్రరీ, రోజూ పాఠం చెప్పే సారు, పక్కన కూర్చుని వాదించే తోటి విద్యార్థి, ఇవన్నీ 18 ఏళ్ళోళ్ళకే రాసిచ్చారా?

ములుగు గిరిజన యూనివర్సిటీ 2014 విభజన చట్టంలో ఇచ్చిన మాట. పార్లమెంటులో దానికి బిల్లు పాసయ్యేసరికి 2023 డిసెంబర్ వచ్చింది. ఆ తొమ్మిదేళ్ళలో మనోళ్ళకి పెళ్లిళ్ళయ్యాయి, పిల్లలు పుట్టారు. ఇప్పుడు వాళ్ళకి వయసైపోయిందంటారా? సీయూఈటీ రాయడానికి వయసు పరిమితి లేదు. తెలుగులో రాయొచ్చు. ఈ రెండు ముక్కలు మన మీటింగుల్లో ఎన్నిసార్లు చెప్పాం?

అసలు అడ్డు వేరే ఉంది. ఈ మధ్య ఆ పరీక్ష మే నెలలో మొదలవుతోంది. మనకి మే అంటే తునికాకు. తెల్లారకముందే అడవికి పోవాలి, ఎండెక్కేలోపు రావాలి, యాభై ఆకులకో కట్ట కట్టి సాయంత్రానికి కల్లంలో పెట్టాలి. విత్తనాలకి, పిల్లల బట్టలకి ఆ డబ్బే దిక్కు. అడ్మిషన్లు వచ్చేసరికి వానలు, పోడులో కలుపు. అందుకే మనోళ్ళ ప్రిపరేషన్ పత్తి తీతలయ్యాక జనవరిలోనే మొదలవ్వాలి. పన్నెండో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు, కంప్యూటర్ మీద పరీక్ష రాసే అలవాటు రెండూ అప్పుడే. పెళ్లయ్యాక ఆధార్‌లో ఇంటిపేరు మారి టెన్త్ మెమోతో కలవనోళ్ళు, అప్లికేషన్ మొదలయ్యేలోపే సరిచేయించుకోండి. కుల, ఆదాయ సర్టిఫికెట్లు కూడా.

అన్నలకొక మాట. సంఘం మీటింగ్ అని మీరు రెండ్రోజులు ఊరు దాటితే ఇంట్లో ఎవరూ అడగరు. అదే వదిన రాత్రి రెండు గంటలు పుస్తకం పట్టుకుంటే “పిల్లల్నెవరు చూస్తారు?” అంటారు. మీ పిల్లలే కదన్నా!

నేనొక క్యాంపస్‌కి పోతే పాపని చూసి “హాస్టల్లో పిల్లలకి వీల్లేదు” అన్నారు. మరెక్కడ ఉంచాలో ఎవరూ చెప్పలేదు. విద్యార్థినులకు ప్రసూతి సెలవు, హాజరులో సడలింపు ఇచ్చేలా రూల్స్ పెట్టుకోమని 2021 డిసెంబర్‌లోనే యూజీసీ యూనివర్సిటీలకు లెటర్ రాసింది. మన విద్యార్థి సంఘాలు మెస్ బిల్లుల మీద ధర్నా చేశాయి, మంచిదే. పిల్లల గది కావాలని ఒక్క మెమొరాండం ఇచ్చినట్టు నేనైతే చూడలేదు.

వచ్చే మీటింగ్‌లో ఇది మాట్లాడండి. ఏ గూడెంలో ఇంటర్ దాటి ఆగిపోయినోళ్ళు ఎవరెవరున్నారో పేర్లు రాయండి. పరీక్ష రోజున వాళ్ళని సెంటర్‌కి తీసుకెళ్ళడానికి బండి ఎవరిది, గేటు బయట పిల్లల్ని ఎత్తుకుని కూర్చునేది ఎవరు, ఆ రోజు వాళ్ళ ఇంటికి ఆకు కోసేది ఎవరు? మా గూడెం లిస్టు నేను రాస్తున్నా.