కంపవాతమూ, కాలినడకా

ఎమ్మిగనూరులో నాకొక నేతకాడు మిత్రుడున్నాడు. పార్కిన్సన్స్ వ్యాధి వచ్చిన తరువాత కుమారులు, ప్రేమతోనే, ఆయనను మగ్గం గుంటలోనుండి లేపి మంచం మీద కూర్చోబెట్టారు. మొన్న ఆదోని నుండి చూడబోతే, “వణుకు కాదు అయివారూ, ఊరికే కూసోవడమే నన్ను సంపుతాంది” అన్నాడు.

ఆ మాటలో సత్యమున్నది. 1817లో జేమ్స్ పార్కిన్సన్ అనే ఆంగ్ల వైద్యుడు వర్ణించిన ఈ వ్యాధిని మన ఆయుర్వేద వైద్యులు కంపవాతమంటారు. మెదడులో డోపమైన్ తరగడం దీనికి మూలం. మనకు కనబడేది చేతి వణుకు. కనబడనిది మనసు క్రుంగుబాటు. అది పిరికితనమూ కాదు, ముసలి చాదస్తమూ కాదు, వ్యాధిలో భాగమే.

2023 నాటి కోక్రేన్ సమీక్ష 156 పరిశోధనలను పరిశీలించి, వ్యాయామం వలన కదలికలూ జీవననాణ్యతా మెరుగుపడతాయని తేల్చింది. నడకయో నృత్యమో ఈతయో, ఏదో ఒక్కటే మేలైనదనడానికి గట్టి ఆధారం లేదు. మందులు మానమని నేననను, మందులతోపాటు నడవమంటాను.

ఛందస్సు చెప్పినవాణ్ణి గనుక మరొక మాట. అడుగు నేలకు అతుక్కుపోయినప్పుడు, తాళం వింటే చాలామందికి కాలు కదులుతుంది. ఆ సాయంత్రం నేను చప్పట్లతో తాళం వేశాను. మిత్రుడు వీధి చివరిదాకా నడిచాడు. ముఖంలో నవ్వు కనబడలేదు. ఈ వ్యాధి ముఖకవళికలనూ బిగించివేస్తుంది. కాని, “రేపూ వస్తారా అయివారూ?” అని అడిగాడు.

మిత్రులారా, పెద్దలను కూర్చోబెట్టడమే సేవ అనుకొంటున్నాము. పడిపోతారని భయమైతే చెయ్యి పట్టుకొని తోడు నడుద్దాము. అదికదా అసలైన సేవ! మీరేమంటారు?