ఖాళీ సీసా ఎవరి సొత్తు?

శీతల పానీయముల వ్యాపారమున లోకమంతటను అగ్రస్థానము వహించియున్న కోకాకోలా సంస్థ 2018 జనవరిలో ‘వ్యర్థము లేని ప్రపంచము’ అను పేర ఒక మహాసంకల్పమును ప్రకటించి, 2030 నాటికి తాను విక్రయించు ప్రతి సీసాకును, ప్రతి డబ్బాకును బదులుగా ఒక్కొక్కటి తిరిగి సేకరింపబడునట్లు చేసెదనని మాట యిచ్చినది. నాలుగేండ్లు గడచిన పిమ్మట, 2022 ఫిబ్రవరిలో, ఇంకొక అడుగు ముందునకు వేసి, తన పానీయములలో కనీసము నాల్గవ వంతును మరల మరల నింపదగిన సీసాలలోను పాత్రలలోను అమ్ముదునని చెప్పినది. 2024 డిసెంబరు వచ్చునప్పటికి గడువు 2035కు జరిగినది. ప్రతి సీసా అన్నచోట నూటికి 70 మొదలు 75 వరకు అను అంకె వచ్చి కూర్చున్నది. మరల నింపు సీసాల మాట లక్ష్యముల పట్టికనుండియే జారిపోయినది. బాకీదారుడు వాయిదా కోరుట లోకమున వింత గాదు. వాయిదాతోబాటు అసలులో ఎంత కోయవలెనో తానే నిర్ణయించుకొని, ఆ నిర్ణయమును ఋణదాతకు పత్రికా ప్రకటన ద్వారా తెలియజేయుట మాత్రము పెద్ద సంస్థలకే చెల్లిన మర్యాద.

ఆ సంస్థ చేసినదేమియు లేదనుట న్యాయము గాదు. 2022లో ఉత్తర అమెరికాలో స్ప్రైటు సీసాకు దశాబ్దములుగా ఉన్న ఆకుపచ్చ రంగును తీసివేసి తెల్ల సీసాను తెచ్చినది. ఇది అలంకారమునకు సంబంధించిన మార్పని తోచవచ్చును గాని, దాని విలువ ఎరుగగోరువారు మన ఊళ్ళలో ఏ పాత సామానుల కొట్టు వెనుకనైన కొంతసేపు నిలిచి చూడవలెను. అక్కడ గోనెపట్టాపై కూర్చున్న స్త్రీ ఒక్కొక్క సీసాను అందుకొని, మూత విప్పి ఒక గంపలో వేసి, మెడను పట్టియుండు వలయమును చాకుతో కోసి, లేబులును గోటితో చీల్చి, సీసాను మడమతో అణగద్రొక్కి, తెల్లవానిని ఒక కుప్పగను రంగువానిని వేఱొక కుప్పగను చేయుచుండును. తెల్ల కుప్పకు పలుకు ధర రంగు కుప్పకు పలుకదు. ఏలయన రంగు కలసిన ప్లాస్టిక్కు కరగిన పిమ్మట మరల తెలుపు కానేరదు. మూత వేఱు జాతి ప్లాస్టిక్కు; కర్మాగారమున నీటి తొట్టిలో సీసా ముక్కలు అడుగునకు దిగగా మూత ముక్కలు పైకి తేలును, వానిని వేఱుచేయుటకు ఆ తేడాయే ఆధారము. ఇట్లు శుభ్రపడిన ముక్కలు మన దేశమున విశేషముగా పాలియెస్టరు దారమై చొక్కాలలోనికిని, తివాసీలలోనికిని, దూదికి మారుగా దిండ్లలోనికిని పోవును. చొక్కా చిరిగిన తరువాత దానిని తిరిగి సీసాగా చేయువాడు కానరాడు. కావున 2023లో ఈ సంస్థ మన దేశమున కిన్లే నీటిని, కోకాకోలాను పూర్తిగా వాడిన ప్లాస్టిక్కుతోనే చేసిన సీసాలలో అమ్మ మొదలిడుట, అనగా సీసాను మరల సీసాగనే బ్రతికించుట, నిశ్చయముగా మెచ్చదగిన పని.

అయినను సంస్థ మాటను మన చట్టముప్రక్కన పెట్టి చూచిన, వింతయొకటి బయటపడుచున్నది. కేంద్ర ప్రభుత్వము 2022లో సవరించిన ప్లాస్టిక్కు వ్యర్థముల నిబంధనలు గట్టి ప్లాస్టిక్కు ప్యాకింగులో వాడిన ప్లాస్టిక్కు పాలు 2025-26లో 30 శాతము ఉండవలెననియు, అది ఏటేట పెరిగి 2028-29 నాటికి 60 శాతము కావలెననియు నిర్దేశించినవి. సంస్థయో, లోకము మొత్తముమీద తన ప్లాస్టిక్కులో 30 మొదలు 35 శాతము వరకు, అదియును 2035 నాటికి అనుచున్నది! చట్టము కోరినదానిలో ఇంచుమించు సగమును ఆరేడేండ్లు ఆలస్యముగా చేసెదననుట ఘనమైన ఆశయ మెట్లగును? మన చట్టమునకును లోపమున్నది. సీసాను నిజముగా ఏరినదియు లేనిదియు తేల్చునది ధ్రువపత్రము. ఆ పత్రము కొని అమ్మదగిన సరకు. నకిలీ పత్రములు పుట్టించిన సంస్థలు 2023లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తనిఖీలో పట్టుబడినవి.

నా అభిప్రాయమున మూలప్రశ్న ప్లాస్టిక్కులో పాత పాలెంత యన్నది కాదు, ఖాళీ సీసా ఎవరి సొత్తు అన్నది. గోలీసోడా రోజులనుండియు, థమ్సప్ 1977లో పుట్టి తెలుగువారి నాలుకకు అలవాటైన కాలమునందును, గాజు సీసా తాగినవానిది కాదు, కొట్టువానిదియు కాదు, కంపెనీది. ఖాళీల కేసు బండి యెక్కినగాని నిండు కేసు దిగెడిది కాదు. సీసాను ఇంటికి తీసికొనిపోవువాడు ధరావతు కట్టవలసినదే. కొట్టుముందు బల్లపై మఱచిపోయిన సీసాను పిల్లలు పరుగెత్తి తెచ్చి యిచ్చెడివారు. ప్లాస్టిక్కు సీసా రాకతో కంపెనీ తన సొత్తును కొనువానికి ధారపోసినది. కొనువాడు కాలువకు ధారపోసినాడు. కాలువ తీయు ఖర్చు పురపాలక సంఘముమీద పడినది. 2018 మొదలు 2022 వరకు 84 దేశములలో కార్యకర్తలు ఏరిన ప్లాస్టిక్కు చెత్తలో, పేరు గుర్తింపదగినవానియందు 11 శాతము ఈ సంస్థవేయని 2024లో సైన్స్ అడ్వాన్సెస్ పత్రికలో వెలువడిన పరిశోధన తెలుపుచున్నది. గాజు బరువు, దానిని కడుగుటకు నీరును క్షారమును కావలెను, దూరప్రయాణమునకు డీజిలు తినును. ఇవి యన్నియు నిజములే. దూరమైన ఊళ్ళకు తేలిక సీసాయే పోవుగాక. ఆ తేలిక సీసామీద కూడ ధరావతు కట్టించుటకు అడ్డమేమి?

ఇది ఊహామాత్రము గాదు. జర్మనీలో 2003 నుండి ఒక్కసారి వాడి పాఱవేయు సీసామీద 25 సెంట్లు ధరావతు కలదు. అక్కడ తిరిగిరాని సీసా అరుదు. అంతదూర మేల, నీలగిరులలో మద్రాసు హైకోర్టు ఉత్తర్వు మేరకు 2022లో మద్యపు సీసామీద పదేసి రూపాయలు అదనముగా పుచ్చుకొని, ఖాళీ తెచ్చినవానికి తిరిగి యిచ్చు పద్ధతి పెట్టగా అడవిలో గాజుపెంకులు తగ్గినవి. తిరుమల కొండపై ప్లాస్టిక్కు నీటి సీసాలు పోయి గాజు సీసాలు వచ్చినవి. అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రము 1971లోనే ఇట్టి చట్టము చేసినది. తక్కిన రాష్ట్రములలో అది వ్యాపింపకుండ పానీయ పరిశ్రమ ఎన్ని దశాబ్దములు పోరాడినదో ఎరిగినవారికి, ఇప్పటి స్వచ్ఛంద సంకల్పములు కొంత ఆలస్యపు వైరాగ్యముగా తోచక మానవు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వములు రెండును కలసి ప్రతి ప్లాస్టిక్కు పానీయపు సీసామీదను అయిదు రూపాయల ధరావతు విధించినచో, వీధిలో సీసాలు ఏరువారికి నేడు కిలో లెక్కన వచ్చు కొద్దిపాటి ప్రతిఫలము సీసా లెక్కకు మారును. అయితే ఆ చట్టమున ఒక నిబంధనను ముందే గట్టిగా వ్రాసికొనవలెను: ఎవరును తిరిగి పుచ్చుకొనని ధరావతు సొమ్ము కంపెనీకి చెందరాదు. చెందినచో పోయిన ప్రతి సీసాయు దానికి లాభమే యగును. నార్వేలో సీసాలు తిరిగివచ్చు కొలది కంపెనీలపై పన్ను తగ్గుచు, నూటికి 95 వచ్చినచో పూర్తిగా మాఫీ యగును. అక్కడ సీసాను వెదకికొనుట కంపెనీకే అవసరమైనది.