ఆన్‌లైన్‌లో న్యూట్రిషన్ డిగ్రీయా? ఫీజు కట్టే ముందు ఒక్కసారి ఆగండి

ఇంటర్ అయిపోయింది, కాలేజీ దూరం, ఇంట్లో పంపరు. అందుకే పాతబస్తీలో కొందరు అమ్మాయిలు ఫోన్‌లోనే న్యూట్రిషన్ చదువుదామనుకుంటున్నారు. ఆలోచన మంచిదే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇక షుగర్, బీపీ సంగతి చెప్పక్కర్లేదు. డైటీషియన్ల అవసరం ఉంది, ఉంటుంది కూడా.

కానీ రూల్ మారింది. ఈ కోర్సులు 2021 నాటి అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం కిందకు వస్తాయి. అందుకే 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి వీటికి ఆన్‌లైన్, దూరవిద్యలో కొత్త అడ్మిషన్లు ఇవ్వొద్దని యూజీసీ యూనివర్సిటీలకు చెప్పేసింది.

ఇందులో న్యాయం లేకపోలేదు. కిడ్నీ పేషెంటుకు పొటాషియం ఎక్కువైతే ప్రాణం మీదకొస్తుంది. ఆ లెక్క వార్డులో నేర్చుకోవాల్సిందే, వీడియో చూస్తే రాదు. అయితే దెబ్బ పడేది మాత్రం గడప దాటడం కష్టమైన అమ్మాయిల మీదే.

మరి దారేంటి? చిన్న ఆన్‌లైన్ సర్టిఫికెట్ కోర్సులు ఇంటి వంటకు, టిఫిన్ వ్యాపారానికి, అవగాహనకు పనికొస్తాయి. ఆస్పత్రి ఉద్యోగానికి మాత్రం రెగ్యులర్ డిగ్రీ, ఇంటర్న్‌షిప్ కావాలి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో రెగ్యులర్ ఎమ్మెస్సీ ఉంది.

నేను చదివింది బీకామ్, కాబట్టి లెక్క ఒక్కటే చెప్తా: గుర్తింపు లేని డిగ్రీకి కట్టిన ఫీజు పెట్టుబడి కాదు, నష్టం. ప్రభుత్వం చేయాల్సింది కూడా ఒకటుంది. తలుపు మూసినప్పుడు, బస్తీకి దగ్గర్లోని మహిళా కాలేజీల్లో సీట్లు పెంచాలి.