వ్రేలిముద్ర పలుకు సాక్ష్యము

వ్రాత నేర్వనివారిని వ్రేలిముద్రవారని తక్కువ చేసి మాటలాడుట మనలో వాడుక. కాని సోదరీమణులారా, ఒక్కింత యాలోచింపుడు. సంతకమును నేర్పరియైన మోసగాడు అనుకరింపగలడు. వ్రేలికొనయందలి రేఖలు మరియొకరి చేతికి రావు. శకుంతల యుంగరము నీటిపాలు కాగా రాజామె నెరుగకపోయెను. ఉంగరము జారును గాని యీ రేఖలు జారవు. అవి తల్లిగర్భముననే యేర్పడును. కవలలకైనను ఒక్కరీతిగ నుండవు.

ఈ రేఖలనుబట్టి నేరస్థుని గుర్తించు విద్య దేశాంతరములకు పోయిన కథ మనము తెలిసికొనదగినది. వేలకొలది ముద్రలు ప్రోగుపడినపుడు కావలసినదానిని వెదకి తీయుట యెట్లు? పోపులపెట్టెలో దేని యర దానికున్నట్లు, ముద్రలను 1024 అరలుగా విభజించు ఉపాయమును బంగాళమున ఖాజీ అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అను నిరువురు ఉద్యోగులు కృషిచేసి సిద్ధపరచిరి. 1897వ సంవత్సరమున కలకత్తాలో వ్రేలిముద్రల కార్యాలయము వెలసెను. వారి పైయధికారి ఎడ్వర్డు హెన్రీ 1901లో లండను నగరపు స్కాట్లండు యార్డున నట్టి శాఖనే నెలకొల్పెను. పద్ధతికి హెన్రీ పేరే నిలిచినది. అత్తింట నడుగిడిన పిల్లకు పుట్టింటి పేరు మరుగుపడినట్లే, లోకమునందు హక్, బోసుల పేర్లు చిరకాలము మరుగుపడియుండెను.

1904లో అమెరికా దేశమున సెయింటు లూయిస్ నగరమందు గొప్ప ప్రదర్శనము జరిగెను. విక్టోరియా రాణికి వచ్చిన కానుకల నచ్చట ప్రదర్శించిరి. వానికి కావలిగా స్కాట్లండు యార్డునుండి జాన్ ఫెరియర్ అను పరిశోధకుడు వెళ్లెను. కావలి పనితో తృప్తిపడక, అచ్చటి పోలీసు సహోద్యోగులకు తన విద్యను నేర్పెను. అట్లు నేర్చినవారిలో కెనడా దేశపు ఎడ్వర్డు ఫాస్టరును, చికాగో నగరపు మేరీ హాలండు అను స్త్రీయు నుండిరి.

ఆరేండ్లు గడచెను. 1910 సెప్టెంబరులో చికాగోయందు ఒక యింట రాత్రివేళ దొంగ ప్రవేశించి, ఎదిరించిన గృహస్థుని కాల్చి చంపెను. ఆ యింటికి అప్పుడే రంగు వేసియుండిరి. వంటింటి కిటికీ దాపునగల కటకటాలపై, తడి యారని రంగులో నాలుగు వ్రేళ్ల గురుతులు నిలిచెను. న్యాయస్థానమున సాక్ష్యము చెప్పిన నలువురు నిపుణులలో ఫాస్టరును, మేరీ హాలండును ఉండిరి. ఇట్టి సాక్ష్యము చెల్లదని ముద్దాయి వాదింపగా, చెల్లునని 1911లో ఇల్లినాయి రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానము నిర్ణయించెను. ఒక పరిశోధకుడు పరదేశమున చేసిన విద్యాదానము అట్లు ఫలించెను.

ఇది యెక్కడి చికాగో, ఎక్కడి మనమని తలంపవలదు. మా కురిచేడునందే 2020 జూలై మాసాంతమున, మద్యము దుకాణములు మూసియున్న దినములలో, చేతులకు పూసికొను శానిటైజరును మద్యమునకు మారుగా త్రాగి పదిమందికి పైగా ప్రాణములు విడిచిరి. అట్టివేళ మంచముక్రింద దొరలిన సీసాయే ముఖ్యసాక్షి. అందు మిగిలిన నాలుగు చుక్కలే విషమేదో చెప్పవలెను. సీసాను పెంటపై పారవైచి, నేల కడిగి, అలుకుపెట్టితిమా, సాక్షి నోరు మనమే నొక్కినవారమగుదుము.

దుఃఖము వచ్చిన యింట నిరుగుపొరుగు స్త్రీలు మొదట చీపురు పట్టుదురు. అది వారి మంచితనమే. అయినను నేరము జరిగినదను సందేహమున్నచో చీపురు నాపవలెను. ప్రాణముతో నున్నవారిని కాపాడుట అన్నిటికంటె ముందు. త్రాగిన సీసాను వైద్యునికి చూపుట కొరకు భద్రపరుపవలెను. పిమ్మట తలుపు దగ్గరగా వేసి, ఏ వస్తువును ముట్టక, ఎవ్వరిని లోనికి పోనీయక, 112 సంఖ్యకు ఫోను చేయవలెను. బీరువా పిడిని సైతము తుడువరాదు.

మరియొక ధర్మసూక్ష్మము కలదు. ఇంట నగ పోయిన వెంటనే మన చూపు పనిమనిషిపై పడును. లేదా క్రొత్తకోడలిపై పడును. నోరు లేనివారికి సాక్ష్యమే నోరు. ముద్రను చదువు నిపుణుడు పొరపడవచ్చును గాని, ఏ యాధారమును లేక నిందమోపు మన నాలుక పొరపడినన్నిసార్లు పొరపడడు. కావున పెట్టెను ముట్టకుండుట దొంగను పట్టుటకు మాత్రమే కాదు. జీతపురసీదుపై వ్రేలిముద్ర వేయు నిరుపేద స్త్రీ నిర్దోషియని ఆ వ్రేలే చెప్పుటకును.