తప్పిన బోర్ల లెక్క

పొలంలో నీళ్ళు చూసే మనిషి అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని నడుస్తాడు. ఒక చోట కాయ లేచి నిలబడుతుంది. అక్కడ ఒక రాయి పెట్టి పసుపు కుంకుమ చల్లుతారు. రైతు అప్పు తెచ్చి బోరు బండిని పిలుస్తాడు.

మన హేతువాద సభల్లో ఈ తంతుని ఎన్నో ఏళ్ళుగా విమర్శిస్తున్నాం. కాయ ఎందుకు లేస్తుందో కూడా చెబుతున్నాం. మోసం చేయాలనే ఉద్దేశం లేకపోయినా, మనసులో అనుకున్నదాన్ని బట్టి చేతి కండరాలు మనకు తెలియకుండానే కొంచెం కదులుతాయి. అరచేతిలో నిలకడ లేకుండా ఉన్న కాయకి ఆ కదలిక చాలు. ఇంత చెప్పినా కొబ్బరికాయ పోలేదు. వేప పంగ పోలేదు. ఓ పాజిటివ్ రక్తం ఉన్నవాళ్ళ చేతిలోనే కాయ లేస్తుందని కొందరు కొత్తగా చెబుతున్నారు. మూఢ నమ్మకానికి బ్లడ్ గ్రూపు కూడా దొరికిందన్నమాట!

రైతు తెలివితక్కువవాడు కాబట్టి ఇది పోలేదు అంటే నేను ఒప్పుకోను. కొబ్బరికాయ ఎన్నిసార్లు తప్పిందో లెక్క ఎవరి దగ్గరా లేదు. అందుకే అది బతికి ఉంది. ఆ లెక్క తీయించగలిగిన శక్తి ఉన్నది ప్రభుత్వ భూగర్భ శాస్త్ర సంస్థలకే. వాటికి కూడా తమ తప్పులు బయట పెట్టే అలవాటు అన్నిచోట్లా లేదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదే.

ముందు కాయ ఎందుకు నిజమైనట్టు కనిపిస్తుందో చూద్దాం. రాయలసీమ, తెలంగాణ, కర్ణాటకల్లో చాలా భాగం కింద ఉన్నది గ్రానైటు, నైసు వంటి గట్టి రాయి. ఇసుక నేలలో ఉన్నట్టు అందులో నీరు నిలిచే ఖాళీలు ఉండవు. నీరు రెండు చోట్ల దొరుకుతుంది. రాయి శిథిలమై మొరంగా మారిన పై పొరలో కొంత, ఆ కింద గట్టి రాతిలో ఉన్న పగుళ్ళలో కొంత. లోతుకి పోయేకొద్దీ పగుళ్ళు తగ్గిపోతాయి, ఉన్నవి కూడా బిగుసుకుపోయి ఉంటాయి. వెయ్యి అడుగులు వేసినా దుమ్ము తప్ప ఏమీ రాని బోర్లు అందుకే అన్ని ఉన్నాయి.

వానలు బాగా పడి మొరం పొర నిండిన ఏడాది ఎక్కడ తవ్వినా ఎంతో కొంత నీరు పడుతుంది. కళ్ళు మూసుకుని ఒక రాయి విసిరి, అది పడిన చోట బోరు వేసినా పదింటిలో కొన్ని పడతాయి. కాబట్టి కొబ్బరికాయ పదికి ఆరుసార్లు నిజమైంది అని ఎవరైనా చెబితే మనం అడగాల్సిన ప్రశ్న ఒకటే. ఆ ఊళ్ళో, ఆ ఏడాది, రాయి విసిరి వేస్తే పదికి ఎన్ని పడేవి? ఈ ప్రశ్నకి జవాబు లేకుండా ఆరు అనే అంకెకి అర్థం లేదు.

తప్పిన బోరుకి కారణాలు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటాయి. బండి వాడు గుర్తుకి మూరెడు పక్కగా వేశాడు. ఆ రోజు మైల పడింది. ఇంకో యాభై అడుగులు పోయుంటే నీళ్ళు పడేవి. ఈ మూడోది అన్నిటికంటే ప్రమాదకరమైన కారణం. బండి వాళ్ళు అడుగుకి ఇంత అని డబ్బు తీసుకుంటారు. ఆ యాభై అడుగుల ఆశతోనే రైతు మళ్ళీ అప్పు చేస్తాడు. అది కూడా ఎండిపోతే ఇంకో పాయింట్, ఇంకో కాయ. ఆత్మహత్య చేసుకున్న రైతుల ఇళ్ళలో అప్పుల చిట్టా చూస్తే బోర్ల ఖర్చు ఎన్నిసార్లు కనిపిస్తుందో పల్లెల్లో తిరిగిన వాళ్ళకి నేను చెప్పనక్కరలేదు.

తప్పులతో సహా లెక్క పెడితే ఏమవుతుందో జర్మనీలో చూశారు. 1987, 88 సంవత్సరాల్లో ప్రభుత్వ నిధులతో మ్యూనిక్ దగ్గర ఒక కొట్టంలో పరీక్ష పెట్టారు. కింద అంతస్తులో నీటి గొట్టాన్ని లాటరీ పద్ధతిలో అటూ ఇటూ జరిపేవారు. పై అంతస్తులో పుల్ల పట్టుకున్న మనిషి గొట్టం ఎక్కడుందో చెప్పాలి. సుమారు 500 మందిలోంచి మంచివాళ్ళని 43 మందిని ఎన్నుకుని, 843 పరీక్షలు చేశారు. నిర్వహించిన వాళ్ళు కొందరికి శక్తి ఉందని ప్రకటించారు. తర్వాత జిమ్ ఎన్‌రైట్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు అవే అంకెలు తీసుకుని తిరిగి లెక్క కట్టాడు. గుడ్డిగా ఊహిస్తే ఎలా వస్తుందో ఫలితాలు అలాగే ఉన్నాయని తేల్చాడు. నిర్వాహకులు తప్పిన పరీక్షలని కూడా నమోదు చేశారు కాబట్టే ఆయన ఆ పని చేయగలిగాడు.

ఇక్కడ కొందరు వరాహమిహిరుణ్ణి తెస్తారు. బృహత్సంహితలో దకార్గళం అనే అధ్యాయం ఉంది. చెట్లని, పుట్టలని చూసి భూగర్భ జలం ఎక్కడుందో చెప్పే సూత్రాలు అందులో ఉన్నాయి. తిరుపతి శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఇ.ఎ.వి. ప్రసాద్ గారు వాటిని భూగర్భ శాస్త్ర దృష్టితో పరిశీలించారు. నాకు అందులో అభ్యంతరం ఏమీ లేదు. నీరు ఉన్న చోట కొన్ని చెట్లు బాగా పెరుగుతాయి అనేది పరీక్షించదగిన మాట. ఏ సూత్రం నిలుస్తుందో, ఏది నిలవదో తేల్చుకోవచ్చు. కొబ్బరికాయకీ వరాహమిహిరుడికీ ముడి పెట్టడం మాత్రం ఆయనకి కూడా అన్యాయమే.

ఇక మన ప్రభుత్వ శాస్త్రజ్ఞుల సంగతి. భూగర్భ జలాలకి కేంద్ర బోర్డు ఉంది. రాష్ట్రాలకి సొంత శాఖలు ఉన్నాయి. హైదరాబాదులో 1961 నుంచి ఎన్.జి.ఆర్.ఐ. ఉంది. వీళ్ళు నీటికోసం ఎక్కువగా చేసేది రెసిస్టివిటీ సర్వే. నాలుగు ఇనుప కడ్డీలు భూమిలో దిగ్గొట్టి, రెండింటి ద్వారా కరెంటు పంపి, మిగతా రెండింటి మధ్య వోల్టేజీ కొలుస్తారు. తడి మొరం కరెంటుని బాగా పోనిస్తుంది. గట్టి రాయి అడ్డుకుంటుంది. దాన్నిబట్టి కింద ఏ పొర ఎంత మందం ఉందో అంచనా కడతారు. ఇది పనికొచ్చే విద్యే. కాని బంకమట్టి కూడా కరెంటుని బాగానే పోనిస్తుంది. లోతులో ఉన్న సన్నని పగులు ఈ సర్వేకి కనపడకపోవచ్చు. కాబట్టి సర్వే చేసి వేసిన బోరు కూడా తప్పుతుంది.

అందుకే నిజాయితీ ఉన్న జియాలజిస్టు "ఇక్కడ అవకాశం ఉంది" అని ఆగిపోతాడు. కొబ్బరికాయ మనిషి "నూట ఎనభై అడుగుల్లో రెండున్నర అంగుళాల నీళ్ళు" అంటాడు. మూడు రూపాయల వడ్డీకి డబ్బు తెచ్చుకున్న మనిషికి ఏ మాట ధైర్యం ఇస్తుంది? సర్వే చేయించుకుని, రిపోర్టు జేబులో పెట్టుకుని, మళ్ళీ కాయతో కూడా చూపించుకున్న డిగ్రీ చదివినవాళ్ళని నేను ఎరుగుదును.

దేశంలో జలపొరల పటాలు తయారు చేసే పని 2012లో మొదలైంది. సుమారు 25 లక్షల చదరపు కిలోమీటర్లకి ఆ పని 2023 నాటికి పూర్తయింది. పెద్ద పనే. ఒక ప్రాంతం కింద ఎంత నీరుందో, ఇంకా బోర్లు వేయవచ్చో లేదో ఆ పటాలు చెబుతాయి. మన దేశం ఏటా 8 వేల టి.ఎం.సి.లకు పైగా భూగర్భ జలం తోడుతోంది. ప్రపంచంలో ఇంకే దేశమూ ఇంత తోడదు. అలాంటప్పుడు ఆ లెక్క అవసరమే. కాని ఎక్కువ భాగం పటాల్లో ఒక సెంటీమీటరు అంటే నేల మీద అర కిలోమీటరు. రైతు రెండెకరాలు అందులో రెండు మిల్లీమీటర్లు కూడా ఉండవు. బోరు ఎక్కడ వేయాలి అనే ప్రశ్నకి అక్కడ జవాబు దొరకదు. ఆ ఖాళీలోకే కొబ్బరికాయ దూరుతుంది.

"చెప్పలేం" అనాల్సిన చోట ప్రభుత్వ శాస్త్రజ్ఞులే "ఉండవచ్చు" అంటే ఏమవుతుందో 2013లో చూశాం. ఉత్తర ప్రదేశ్ ఉన్నావ్ జిల్లాలో డౌండియా ఖేడా అనే ఊరు. 1857 తిరుగుబాటు తర్వాత ఇంగ్లీషువాళ్ళు ఉరి తీసిన రాజా రావు రామ్ బక్ష్ సింగ్ కోట శిథిలాలు అక్కడున్నాయి. శోభన్ సర్కార్ అనే సాధువుకి ఆ రాజు కలలో కనపడి, కోట కింద వెయ్యి టన్నుల బంగారం ఉందని చెప్పాడట. కల ఒక కేంద్ర సహాయ మంత్రి దాకా వెళ్ళింది. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వచ్చి సర్వే చేసింది. కింద అయస్కాంత గుణం లేనిదేదో ఉందనీ, బంగారం, వెండి లాంటి లోహం కావచ్చుననీ వాళ్ళ నివేదికలో ఉన్నట్టు పత్రికలు రాశాయి. అక్టోబరు 18న పురావస్తు శాఖ తవ్వడం మొదలుపెట్టింది. మేము కలని నమ్మి తవ్వడం లేదు, సర్వే నివేదికని బట్టి తవ్వుతున్నాం అన్నారు. నెల రోజుల్లో దొరికినవి కుండ పెంకులు, గాజు ముక్కలు, ఇటుకలు.

ఇందులో నన్ను బాధపెట్టింది సాధువు కాదు. కలలు ఎవరికైనా వస్తాయి. 1851లో పుట్టిన సంస్థకి ఒక చిన్న లెక్క ఎందుకు గుర్తు రాలేదు? కోలారు గనులు 120 ఏళ్ళలో, మూడు కిలోమీటర్ల లోతు దాకా తవ్వి ఇచ్చిన బంగారం మొత్తం సుమారు 800 టన్నులు. రిజర్వు బ్యాంకు దగ్గర ఆ ఏడాది ఉన్నది దాదాపు 558 టన్నులు. ఒక జమీందారు కోటలో వెయ్యి టన్నులా? పాత కోట కింద సర్వే చేస్తే ఏదో ఒక తేడా కనపడక తప్పదు. పూడిన గోడలుంటాయి, గదులుంటాయి, చెత్త గుంటలుంటాయి. అయస్కాంత గుణం లేని వస్తువు అనే మాట ఇంకా ఎన్నిటికో వర్తిస్తుంది. ఆ వాక్యంలోకి బంగారం అనే మాట రావడానికి కారణం యంత్రం కాదు, కలే అని నా నమ్మకం.

అదే సంస్థ 2020 ఫిబ్రవరిలో చాలా మంచి పని చేసింది. సోన్‌భద్ర జిల్లాలో 3 వేల టన్నులకు పైగా బంగారం ఉందని జిల్లా గనుల అధికారి మాటగా దేశమంతా వార్త వచ్చింది. టీవీలు మూడు రోజులు పండగ చేసుకున్నాయి. సర్వే సంస్థ కలకత్తా నుంచి ప్రకటన ఇచ్చింది. అక్కడున్న ముడి ఖనిజం 52,806 టన్నులు. టన్నుకి సగటున 3.03 గ్రాముల బంగారం. గుణిస్తే మొత్తం 160 కిలోలు. అంతే! అంత ఖనిజంలో 3 వేల టన్నుల బంగారం ఉండాలంటే టన్ను రాతికి 57 కిలోలు ఉండాలి. అలాంటి గని భూమ్మీద ఎక్కడా లేదు. ఉన్నావ్‌లో కూడా ఇలాంటి నాలుగు వాక్యాలు చాలేవి. కాకపోతే అక్కడ కింద సాధువు, పైన మంత్రి ఉన్నారు. సోన్‌భద్రలో ఉన్నది జిల్లా అధికారి ఒక్కడే.

రియాసీ లిథియం కథ కూడా ఇంతే. 2023లో జమ్మూ ప్రాంతంలో 59 లక్షల టన్నులు అన్నారు. అది జి-3 దశ అంచనా, అంటే ప్రాథమిక అన్వేషణ అన్న సంగతి వార్తల్లో చివరి పేరాలో ఉంది. వేలం పెడితే చాలినంత మంది రాలేదు. 2024లో రద్దు చేశారు.

భూకంపాల విషయంలో మాత్రం మనవాళ్ళు ఇంకో దారిలో నడిచారు. మహారాష్ట్రలో కోయనా జలాశయాన్ని 1962 నుంచి నింపారు. 1967 డిసెంబరు 11న 6.3 తీవ్రతతో వచ్చిన భూకంపంలో సుమారు రెండు వందల మంది పోయారు. అప్పటి నుంచి అక్కడి ప్రకంపనలని నమోదు చేస్తూనే ఉన్నారు. నీటిమట్టానికీ వాటికీ ఉన్న సంబంధం ఆ రికార్డుల వల్లే తెలిసింది. 2017లో మూడు కిలోమీటర్ల లోతు బోరు కూడా వేశారు. అయినా ఫలానా తేదీన వస్తుంది అని ఎవరూ చెప్పడం లేదు. 1993 సెప్టెంబరు 30న, గణేశ నిమజ్జనం జరిగిన రాత్రి తెల్లవారుజామున, కిల్లారిలో దాదాపు పది వేల మంది మట్టి, రాతి గోడల కింద చనిపోయారు. అప్పటి పటంలో ఆ ప్రాంతం అతి తక్కువ ప్రమాదం ఉన్న మొదటి జోన్‌లో ఉంది. పటం తప్పింది. 2002 పటంలో మొదటి జోన్ అనేదే తీసేశారు. తప్పు పటం మీదే దిద్దుబాటయింది.

2023 టర్కీ భూకంపానికి మూడు రోజుల ముందే చెప్పాడని గ్రహాల స్థానాలు చూసే ఒక డచ్చి మనిషిని మన టీవీలు ఆకాశానికెత్తాయి. ఆయన చెప్పినా రాని భూకంపాల జాబితా ఏ టీవీ వేసింది?

మళ్ళీ బోర్ల దగ్గరికి వద్దాం. ఈ పని జరగనిది కాదు. 2000 దశకంలో ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో, నంద్యాలకి చెందిన బర్డ్స్ సంస్థా, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థా కలిసి రైతులతోనే వాన కొలిపించారు, బావుల్లో నీటిమట్టం కొలిపించారు. అక్షరాలు అంతంతమాత్రం వచ్చిన వాళ్ళు కూడా అంకెలు రాశారు. ఆ అంకెలు చూసుకుని ఏ పంట వేయాలో ఊళ్ళో కూర్చుని మాట్లాడుకున్నారు. అక్కడ కొబ్బరికాయ మీద ఉపన్యాసం ఇవ్వాల్సిన అవసరం రాలేదు.

2002 వాల్టా చట్టం ప్రకారం బోరు బండ్లు రిజిస్టరు చేసుకోవాలి. రైతుకిచ్చే బిల్లులో ఎన్ని అడుగులు వేశారో, కేసింగ్ పైపు ఎంత దిగిందో బండి వాళ్ళు ఎలాగూ రాస్తారు. దానికి ఇంకో రెండు గడులు చేరిస్తే చాలు. పాయింట్ ఎవరు పెట్టారు, ఎలా పెట్టారు? నీళ్ళు పడ్డాయా, ఎన్ని అంగుళాలు? ఎండినవి కూడా తప్పకుండా రాయాలి. జియాలజిస్టు పెట్టినవీ, కాయ పెట్టినవీ, రైతు తనకి తోచిన చోట వేసుకున్నవీ ఒకే పట్టికలో రావాలి. జియాలజిస్టు పరువు పోతుందని శాఖ భయపడితే, ఆ భయం ఎందుకో కూడా మనం అడగాలి.

శాఖ చేసేదాకా మనం ఆగనక్కరలేదు. ఒక మండలం, ఒక ఎండాకాలం, వంద బోర్లు. మన సంఘంలో ఊరికొకరు సైకిలేసుకుని తిరిగితే సరిపోతుంది. పాయింట్ పెట్టిన రోజే రాసుకోవాలి, బోరు వేసిన తర్వాత అడిగితే లాభం లేదు. మార్చి నుంచి బండ్లు దిగుతాయి. ఏ మండలం తీసుకుందామో సభ్యులు ఫిబ్రవరి సమావేశానికి ఆలోచించుకుని రావాలి.